మామ పంపిన పీపా

మధురానగర్

రాజనర్సయ్య మామకు మేనల్లుడి నమస్కారాలు.

నోటితో చెబితే వేళాకోళమనుకుంటావని రాస్తున్నాను. అమ్ముడుపోని మన ద్రాక్ష వైన్‌ను బట్టీలో కాచి ఖరీదైన బ్రాందీ చేద్దాం, లేకుంటే వైనరీ మూసుకోవాల్సిందేనన్నాను. "నా వైన్‌ను మంట మీద పెడ్తవారా?" అని పంజాగుట్ట అంతా వినబడేలా తిట్టావు. అందుకే కొంచెం కాయించి, ఫారిన్ సీసాలో పోసి నీకిచ్చాను. "మస్తుంది, గిసుంటిది మనోళ్లకు చాతకాదు" అన్నావు. మన ద్రాక్షేనని చెప్పగానే చెప్పు విసిరావు.

ఇవాళ, ఎవరినీ ముట్టనివ్వని నీ పాత ఓక్ చెక్క పీపాను నీ మనుషులు తెచ్చి దించారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వైనరీని నిలబెట్టావు మామా.

బ్రాందీ అందులో మూడేళ్లు ఊరాలట. డాక్టర్లు ఏమన్నా సరే, అప్పటిదాకా నువ్వు గట్టిగా ఉండాలి. మొదటి గుక్క నువ్వు తాగాకే సీసాల్లో నింపుతాను.

నీ మేనల్లుడు