జంపఖానల చుట్టిన చెప్పులు

అత్తమ్మా,

నువ్వు పోయి నిన్నటికి యాడాది. గప్పటిసంది బూట్లు ముట్టలే. ఇయ్యాల ఆదివారం, మల్ల పోచారం చెరువు దాంక ఉరికిన.

యాదికున్నదా, ఆదివారమొస్తే నాకు పరేషానే ఉంటుండె. ఉరుకుడు ప్రాక్టీసుకు పోతే పిల్లను బయటికి తీస్కపోవుడు కాదు. తీస్కపోతే ఇంట్ల వంట కాదు, హోటల్ల తినాలె. నువ్వే ఉపాయం చెప్పినవ్: "నువ్వు ముంగట ఉరుకు బిడ్డా, మేం జొన్నరొట్టెలు కట్టుకొని ఆటోల ఎనక వస్తం." కోడలు గట్ల రోడ్డు మీద ఉరుకుడేందని ఎవలన్నా అడిగితే, "ఉరికితెనే గదా ఆకలయ్యేది" అంటుంటివి.

ఇయ్యాల రొట్టెలు నీ కొడుకు చేసిండు. వేడిమీదనే డబ్బల పెట్టి మూత బిగించిండు, అన్నీ చెమ్మ పట్టి మెత్తవడ్డయ్. "నానమ్మ బట్టల చుడుతుండె డాడీ" అన్నది నీ మనుమరాలు. అయినా పాలకూర పప్పుతోని ఒక్కటి మిగల్చలే.

తినకముందు ముచ్చట ఇంకోటుంది. చెరువు కాడ కూసునేతందుకు జంపఖాన విప్పితే, పేపర్ల చుట్టిన నా చెప్పులు కిందపడ్డయ్. ఉరికొచ్చినంక బూట్లు ఇడిసి వేసుకోవాలని నువ్వు ఎప్పుడూ తెస్తుంటివి గదా, అవే. ఆఖరుసారి చెరువు కాడికెల్లి ఇంటికొచ్చినంక, మల్లొచ్చే ఆదివారానికని నువ్వు అప్పుడే సదిరి పెట్టినవ్.

వాచిన కాళ్లకు అవే తొడుక్కొని ఇంటికొచ్చిన. తుడిచి, మల్ల జంపఖానల చుట్టిపెట్టిన.

నీ కోడలు