గురువారం వచ్చే ల్యాప్‌టాప్

9 జూన్ 2009

వారంలో నా షాపుకి రిపేరుకి వచ్చిన మూడో ల్యాప్‌టాప్. మూడూ ఒకే కంపెనీవి, మూడింటికీ ఒకే జబ్బు. చార్జర్ పెడితే స్క్రీన్ కింద "ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్" అని వస్తుంది. చార్జర్ పీకితే పది నిమిషాల్లో ఆరిపోతుంది. మీటర్ పెట్టి చూశాను. బ్యాటరీలు శుభ్రంగా ఉన్నాయి.

కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేస్తే ఒక అమ్మాయి బ్యాటరీ మార్చండి సార్ అంది. బ్యాటరీ బాగుందమ్మా అన్నాను. అయినా మార్చండి సార్ అంది.

10 జూన్

దొరికింది! పోయిన వారం కంపెనీవాళ్ళు పంపిన ఒక అప్‌డేట్ చేసిన పని ఇది. నెట్ పెట్టగానే దానంతట అదే ఎక్కి కూర్చుంది. అది ఎక్కాక మిషన్ సొంత బ్యాటరీనే గుర్తుపట్టడం లేదు. బ్యాటరీ ఊడదీసి, దాని డ్రైవర్ తీసేసి, ఆ అప్‌డేట్ కూడా తీసేసి, మళ్ళీ పెట్టి ఆన్ చేస్తే చార్జింగ్ మొదలు.

హిందూపురంలో ఇంకెవరూ కనిపెట్టి ఉండరు. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎదురు టీ హోటల్ బాలప్పకి చెప్పాను. అంతా విని, చక్కెర వేసేదా వద్దా చెప్పప్పా అన్నాడు.

11 జూన్, గురువారం

నాలుగోది ధర్మవరం నుంచి వచ్చింది. పేరు నీలావతి. ముప్పై ఐదేళ్ళుంటాయి. ప్యాసింజర్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. ధర్మవరంలో కూడా బ్యాటరీ మార్చమన్నారట. నాలుగు నెలలే కదా సార్ కొని, అప్పుడే ఎట్ల సస్తాది అంది.

పట్టుచీరల అంచులకి కంప్యూటర్లో డిజైన్ వేస్తుంది. దాన్ని బట్టి అట్టలకి రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. ఇప్పటిదాకా పాత డిజైన్లను కంప్యూటర్లోకి ఎక్కించడమే ఆమె పని. కరెంటు పోయినప్పుడు కూడా మగ్గం పక్కన కూర్చుని చూపించాలి కాబట్టి బ్యాటరీ లేకపోతే పని లేదు.

గంటలో చేసి ఇచ్చాను. వందకి వంద ఎక్కేదాకా కదలకుండా చూస్తూ కూర్చుంది.

18 జూన్, గురువారం

మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే జబ్బు.

తప్పు నాదే. అప్‌డేట్ తీసేశాను గానీ, ఆటోమేటిక్ అప్‌డేట్ అన్న చోట ఉన్న టిక్కు తీయడం మరిచాను. ఆమె బెంగళూరు చీరల షాపువాళ్ళకి డిజైన్లు పంపడానికి నెట్ డేటా కార్డు పెట్టగానే ఆ దరిద్రం మళ్ళీ ఎక్కింది. వెంటనే మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి, వచ్చి సరిచేయించుకొమ్మని చెప్పాను.

ఈమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. కాగితం పొట్లంలో బొరుగులు తెచ్చింది. తింటూ మాట్లాడుతూ ఉంది. అన్న ఇంట్లో ఒక మూల ఉంటుందట. వదిన మంచిదేనట, కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే పని చేస్తున్నట్టు లెక్క కాదట. ఏమన్నా, నువ్వూ రోజంతా ఈ డబ్బాల్తోనేనా మాట్లాడేది అని అడిగింది.

అన్నా అంది. అమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఇంటి మనిషిలా పిలిచినవాళ్ళు లేరు. కస్టమర్లు సార్ అంటారు, బజారులో ఏమప్పా అంటారు. చర్చిలో ఏసుదాసు బ్రదర్ అంటారు, అక్కడ అందరూ బ్రదర్లే.

బాగుచేశాను. మౌస్ బాణం ఆ టిక్కు దాకా పోయింది. తీస్తే ఈ జన్మకి ఆ మిషన్ నా దగ్గరికి రాదు.

తీయలేదు.

25 జూన్, గురువారం

వచ్చింది. గంటన్నర కూర్చుంది.

ఆ యమ్మ మిషన్‌కి ఏం జబ్బబ్బా, వారం వారం ఆసుపత్రికి వస్తాండాది అన్నాడు బాలప్ప. నవ్వాను. మొహం వేడెక్కింది.

ఆమె దగ్గర రిపేరుకి ఏమీ తీసుకోవడం లేదు. అందువల్ల తప్పు తగ్గదు. నాకు తెలుసు.

2 జూలై, గురువారం

రాలేదు. మూడు రైళ్ళ టైములు చూశాను.

5 జూలై, ఆదివారం

చర్చిలో పాస్టరు అబద్ధం గురించి చెప్పారు. నేను అబద్ధం చెప్పలేదు. ఆమె నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. ఈ తెలివికి నన్ను ఏ చెప్పుతో కొట్టినా పాపం లేదు.

తర్వాత హోటల్లో తిని వచ్చి పడుకున్నాను. ఆదివారాలు చాలా పొడవు.

9 జూలై, గురువారం

వచ్చింది. మొహం వెలిగిపోతోంది. కూర్చోకముందే మొదలుపెట్టింది.

పెద్దప్ప అని పన్నెండు మగ్గాలవాళ్ళకి పెద్దమనిషి ఉన్నాడు. ఆమె సొంతంగా వేసిన డిజైన్ చూస్తానన్నాడట. సొంతంది! అంచు పొడవునా చెనిక్కాయ పూలు, అదే వేరుశనగ పూలు. నెమళ్ళు, హంసలు, మామిడి పిందెలు అందరూ వేసినారు గదన్నా, మన చేన్లో పూసేది ఒగరూ వెయ్యలేదు అంది. స్క్రీన్ మీద చూపించింది. ఆకుపచ్చ మీద చిన్న చిన్న పసుపు పూలు. నిజంగా బాగుంది.

శ్రావణం మొదటి శుక్రవారం, జూలై 24న మగ్గాలకి పూజ చేసి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కిస్తారట. పూజ కాకముందు మగ్గాలవాళ్ళు కొత్త డిజైన్ చూడకూడదట, దిష్టి అంట. పూజ అయిన వెంటనే అందరూ చూసి సరే అంటే పన్నెండు మగ్గాలకీ ఆమె డిజైనే. వద్దంటే పాత అట్టలే. ఆ పడుగు అయిపోయేదాకా, అంటే మూడు నెలలు, మార్చరు. కాగితం మీద చూపిస్తానంటే పెద్దప్ప ఒప్పుకోలేదట. రంగులు మార్చి మార్చి చూపియ్యల్ల పాపా, అప్పుడే తెలిసేది అన్నాడట.

ఆ పొద్దు మాత్రం ఇది ఆగిపోకుండా చూడన్నా, ఈ పని కుదిరితే నేను వదిన ముందర కూడా తలెత్తుకుంటా అంది. తర్వాత నవ్వుతూ, అప్పుడు ఇంక నాకు హిందూపురం వచ్చే తీరిక యాడుంటాది అంది.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే టిక్కు తీసేసేవాడినని ఇప్పుడు రాసుకుంటున్నాను. అది కూడా నిజమో కాదో తెలియదు.

బాగుచేసి, 23న ఒకసారి తీసుకురా, ఆఖరి చెకింగ్ చేసి పంపుతాను అన్నాను. ఆ రోజు తీసేస్తాను. ఒట్టు.

16 జూలై

ఫోన్ చేసింది. బాగా పనిచేస్తోందట. ఈ మధ్య బెంగళూరుకి పంపేదేమీ లేక నెట్ పెట్టలేదట.

23 జూలై, గురువారం, ఉదయం 8

పొద్దున్నే షాపు ఊడ్చాను. స్టూలు తుడిచాను.

అదే రోజు, 11 గంటలు

రావడం లేదట. ఇంట్లో వదినకి జ్వరం, పూజ పనులు కూడా ఉన్నాయట. బాగనే చార్జింగ్ అవుతాండాది గదన్నా, నీకెందుకు శ్రమ అంది.

ఫోన్లోనే చెప్పొచ్చు. ఫలానా చోట నొక్కు, ఆ టిక్కు తీసెయ్ అంటే రెండు నిమిషాల పని. అప్పుడు ఆమె అడుగుతుంది, ఇది ముందే తెలుసా అని. రేపు పని అయ్యేదాకా నెట్ పెట్టొద్దు అని మాత్రం చెప్పాను. ఎందుకన్నా అంది. ఊరికే, జాగ్రత్తకి అన్నాను. సరేలేన్నా అంది.

24 జూలై, శుక్రవారం

ధర్మవరంలో రోజూ పదింటికి కరెంటు పోతుంది. ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు.

25 జూలై

నేనే చేశాను. ఎత్తింది. ఆగిపోయిందన్నా అంది. ఇంకేం చెప్పలేదు, గురువారం వస్తానంది.

30 జూలై, గురువారం

వచ్చింది. బొరుగులు కూడా తెచ్చింది. ఆ పొట్లం తీసుకుని బల్ల మీద పక్కకి పెట్టాను.

అన్నీ చెప్పింది. పూజ అయ్యేసరికి పది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఈమెకి భయం లేదు, బ్యాటరీ ఉంది కదా. మగ్గం పక్కన పీట వేసి తెరిచింది. అందరూ వంగి చూశారు. ఒక ముసలాయన భలే ఉండాదే పాపా, మన చెనిక్కాయ చేనే కదా ఇది అన్నాడట. ఎరుపు మీద ఎట్లుంటాదో చూపించు అని పెద్దప్ప అన్నాడు. ఎరుపు నొక్కింది. స్క్రీన్ నల్లగా అయిపోయింది.

కరెంటు వచ్చేదాకా ఆగమని బతిమాలింది. పన్నెండుకి గానీ రాదు. పదిన్నరకి రాహుకాలం. ఆలోపల పడుగు ఎక్కాలి. పాత అట్టలు తెచ్చి కట్టేశారు. వాళ్ళ తప్పు లేదు.

నీ తప్పు కూడా లేదన్నా, నువ్వు ముందే చెప్పినావు నెట్ పెట్టొద్దని అంది. ఇంకో చీర రంగులు వెంటనే పంపమని బెంగళూరు షాపువాళ్ళు ఫోన్ చేశారట. గురువారం సాయంత్రం అవి పంపడానికి ఐదు నిమిషాలు నెట్ పెట్టిందట. నేనే సెడగొట్టుకున్నా, నువ్వు ఇన్నిసార్లు కష్టపడి చేసినావు, నేను మాట ఇనలా అంది. కళ్ళు తుడుచుకుంది.

నన్ను తిట్టి ఉంటే ఊరుకునేవాడినేమో. ఆమె తనని తాను తిట్టుకుంటుంటే చూడలేకపోయాను. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి ఆ టిక్కు చూపించాను. నొక్కి తీసేశాను. ఇది జూన్ 18 నుంచి నాకు తెలుసు అన్నాను.

ఇంతేనా అంది. ఇంతే అన్నాను. మరి ఎందుకు తియ్యలేదన్నా అంది. తీస్తే నువ్వు రావు కదా అన్నాను. పెద్దగా అనలేదు. కానీ వినబడింది.

వైరు చుట్టింది. సంచిలో పెట్టుకుంది. మెట్టు దిగాక వెనక్కి తిరిగింది. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగానే అంది.

రమ్మనింటే ఊరికే వచ్చేదాన్ని కదన్నా అంది.

31 జూలై

రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. అన్నీ చేసి పంపాను. ఎవరితోనూ మాట్లాడలేదు.

6 ఆగస్టు, గురువారం, పెనుకొండ స్టేషన్

ధర్మవరానికి టికెట్ తీసుకుని ఎక్కాను. ఎవరింటికి పోతాండావన్నా అని పక్కన కూర్చున్నామె అడిగింది. సగం దారిలోనే, పెనుకొండలో దిగిపోయాను.