నాకు పాపం తగలదట

జూన్ 3, మంగళవారం

ప్రెస్‌లో కటింగ్ మెషీన్ నడిపే ఆమెకి, అందరూ అక్క అని పిలిచే ఆమెకి, రెండు వేళ్ళు పోయాయి. మా వారపత్రిక కొత్త సంచికకి అంచులు కత్తిరిస్తోంది. నేను పక్కనే నిలబడి, తొందరగా కానివ్వమని ప్రాణం తోడేస్తున్నాను. బ్లేడు దిగింది. ఆమె అరవలేదు. కాగితాల వంక చూసి, కాపీలు పాడైపోయాయి సార్ అంది.

మెషీన్‌కి గార్డు లేదు. చెయ్యి అడ్డం వస్తే బ్లేడుని ఆపే ఏర్పాటు అది. మాటిమాటికీ ఆగుతుంటే పని సాగడం లేదని ఫోర్‌మన్ పోయిన వారం విప్పించాడు. నా ఎదురుగానే. గార్డు ఇంకా గోడకి ఆనించి ఉంది.

ఫోర్‌మన్ అంటే నా సహచరికి తమ్ముడు. నాకు బావమరిది.

జూన్ 4

కాలమ్ పంపాను. దేవుడు లేకపోతే మనిషి చెడిపోతాడనే పెద్దమనుషులకి జవాబు. నరకానికి జడిసి దొంగతనం మానేసినవాడు నీతిమంతుడు కాదు, పిరికి దొంగ అని రాశాను. ఎడిటర్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. దంచి పారేశారు అన్నాడు.

దంచేటప్పుడు అక్క చెయ్యి కళ్ళ ముందు నుంచి కదల్లేదు. ఆ సంగతి వాక్యాల్లో ఎక్కడా కనపడలేదు. ప్రొఫెషనల్‌ని కదా.

జూన్ 6, ఉదయం

గార్డు విప్పింది అక్కేనని మేనేజ్‌మెంట్ అంటోంది. తప్పు ఆమెది కాబట్టి ఉద్యోగం కూడా పోతుంది. బుధవారం ఇన్‌స్పెక్టర్ ఎంక్వైరీ. సాక్షుల్లో నేనొకణ్ణి.

బావమరిది వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిజం బయటపడితే తన ఉద్యోగం పోతుందని, కేసు కూడా అవుతుందని చెప్పాడు. అక్కే విప్పిందని నన్ను చెప్పమన్నాడు. నువ్వే చెప్పుకోరాదా అన్నాను.

"ఒట్టేసి అబద్ధమాడితే పాపం తగుల్తుంది బావా. పిల్లలున్నవాణ్ణి. నీకేం, నీకు దేవుడే లేడుగా."

వెటకారం కాదు. నిచ్చెన ఉన్నవాణ్ణి నిచ్చెన అడిగినట్టు అడిగాడు.

జూన్ 6, సాయంత్రం

ఇన్నేళ్ళు రాసీ, వేదికలెక్కి గొంతు చించుకునీ నేను సాధించిన హోదా ఇది! ఇంటిల్లిపాదికీ అబద్ధాల కాంట్రాక్టర్ని. వాళ్ళకి మడి చెడకూడదు. బురదలో దిగడానికి నాస్తికుడొకడు ఇంట్లోనే ఉన్నాడు.

వాణ్ణి తిట్టి పంపేశాను. కానీ వాడి ప్రశ్న గుమ్మంలోనే నిలబడి ఉంది. నాకేం?

జూన్ 7

ఆస్పత్రి. అక్క కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చుంది. ఎవరితోనూ గొడవ పడను, పైవాడు చూశాడు అంది. నేనూ చూశాను అన్నాను.

"మీరు చూసి ఏం లాభం సార్. మీరు ఫోర్‌మన్ గారికి బావగారు కదా."

పక్క మంచం మనిషి నవ్వింది. నాకూ నవ్వాలనిపించింది. రాలేదు.

జూన్ 8

నిజం చెబుతాను. సరే. ఎందుకు? అక్క కోసమా, నా కాలమ్ పరువు కోసమా? తొందర పెట్టింది నేనే గనక నా భారం దించుకోవడానికా? భక్తుణ్ణి పిరికి దొంగ అన్నాను. మరి నేనెవర్ని?

జూన్ 9

సహచరి ఇన్ని రోజులూ నోరు విప్పలేదు. వాళ్ళమ్మ పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. ఇవాళ వంటింట్లో నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"ఒట్టెయ్యి. వాడి పేరు చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

తల అంటే ఎముక, చర్మం, వెంట్రుకలు. దానికి ఒట్లు వినపడవు. ఈ మాట నేనే ఎన్నిసార్లో రాశాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. ఒట్టు అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని పొయ్యి కట్టేసింది. అంతే. గాలిలో కలిసిపోయే రెండక్షరాలు.

జూన్ 11, బుధవారం

దైవసాక్షిగా అని గుమస్తా మొదలుపెట్టగానే అడ్డుపడ్డాను. మనస్సాక్షి మీదే ప్రమాణం చేస్తానని చిన్నపాటి ఉపన్యాసం ఇచ్చాను. ఏ సాక్షి అయినా ఫర్వాలేదు, భోజనాల వేళవుతోంది అన్నాడు ఇన్‌స్పెక్టర్.

చెప్పేశాను. గార్డు ఎవరు విప్పించారో, ఎందుకో. నేను తొందర పెట్టిన సంగతి కూడా.

బావమరిది నాకంటే ముందే సాక్ష్యం ఇచ్చాడు. గుర్తులేదు అన్నాడట. అబద్ధమూ ఆడలేదు, నిజమూ చెప్పలేదు. దేవుడితో వాడి ఒప్పందం భలే గట్టిది.

జూన్ 12

సహచరి బ్యాగు సర్దుకుంది. తమ్ముణ్ణి సస్పెండ్ చేశారు, అక్కడికే వెళుతోంది.

నేను వాదించాను. వాదించడం తప్ప నాకేం వచ్చు? ఒట్టు మూఢనమ్మకం అన్నాను. చూడు, నీ తలకేమైనా అయిందా అన్నాను. నిజంగానే ఆ మాట అన్నాను.

"నీకు దేవుడు లేడని నాకు తెలీదా? ఒట్టుని ఎవరు నమ్మారు? నేను నిన్ను నమ్మాను."

జిప్ పడలేదు. నేనే వేసిచ్చాను.

జూన్ 15

అక్క ఉద్యోగం నిలబడింది. చేతికి పని లేని చోట వేస్తారట. దేవుడే మీ నోట పలికించాడు సార్ అంది. మామూలుగా అయితే గంటసేపు క్లాసు పీకేవాణ్ణి. ఊరుకున్నాను.

ఎడిటర్ కాలమ్‌కి రెండో భాగం అడుగుతున్నాడు. పాఠకులు ఊగిపోతున్నారట.

ఎంక్వైరీలో చెప్పింది తప్పు కాదు. మళ్ళీ పిలిచినా అదే చెబుతాను. అయితే వంటింట్లోనూ అదే చెప్పి ఉండాల్సింది. చెయ్యి వెనక్కి తీసుకుని, వెయ్యను అని ఉంటే సరిపోయేది. ముక్కూమొహం తెలియని ఇన్‌స్పెక్టర్‌కి నిజం చెప్పాను. ఆమెకి అబద్ధం చెప్పాను. ఎక్కడ ఏది తేలికైతే అక్కడ అది.

బావమరిదికైతే దిగులు లేదు. ఒట్టు తప్పితే దేవుడి ముందు లెంపలేసుకుని ఇంటికొస్తాడు. నేనెవరి ముందు వేసుకోవాలి? ఆమె ముందే. ఆమె తప్ప ఇంకెవరూ లేరు. ఆమె ఫోన్ ఎత్తదు.

నీతికి దేవుడు అక్కర్లేదు. ఇది మాత్రం ఖాయం. మరి ఈ మిగతాదానికో? దాన్నేమంటారో కూడా నాకు తెలియదు.

జూన్ 18

ఇన్నేళ్ళ కాపురంలో నన్నెప్పుడూ మీరు అనని మనిషి ఇవాళ ఫోన్ ఎత్తి, "చెప్పండి" అంది.