వీపున బొచ్చు లేని గబ్బిలం

హినోబాన్ అడవి, గురువారం

సలూద్ అత్తా,

మావయ్య మోకాలు బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

అంతరించిపోయిందనుకున్న నున్నవీపు గబ్బిలం ఈ గుహలో ఇంకా ఉందన్న ఆయన మాట నిజమైంది. నాలుగు రోజులు వల ఖాళీ. ఈ రోజుతో వెతకడం ఆపేస్తామన్నారు పరిశోధక బృందం వాళ్లు. "మిగిలినవేవైనా ఉంటే నీ కడుపులోనే ఉన్నాయి తాతా" అని మోతవాళ్లు మావయ్యను చూసి నవ్వారు. పొద్దున గుహ వాకిట్లో ఒకటి చిక్కింది. మావయ్య బోర్లా తిప్పి చూపించాడు. రెక్కలు రెండూ వెన్ను మీదే కలిశాయి, వీపంతా నున్నటి తోలే.

"ఫోటో చూడకుండా ఎలా పోల్చావు తాతా?" అంది బృందం పెద్ద మారివిక్.

"పూర్వం నేను కొట్టుకొస్తే మా ఆవిడే కనిపెట్టింది, దీని వీపున బొచ్చు కాల్చే పనే లేదని. తిన్నాం. ఇప్పుడు సిగ్గుగా ఉంది. అదీ రాసుకో."

తన పుస్తకంలో గుర్తించినవారు అన్నచోట మారివిక్ నీ పేరు రాసింది. మావయ్య తన చేత్తోనే గబ్బిలాన్ని ఎగరేశాడు.

మిగతావి లెక్కపెట్టడానికి ఇంకో రెండు వారాలుంటాం. ఎండుచేపలు, మోకాలి నూనె పంపు. పంది ఈనిందా? చిన్నదాని దగ్గు తగ్గిందా?

మావయ్య ఈసారి అడవి నుంచి ఉత్తచేతుల్తోనే వస్తాడట, ముందే చెప్పమన్నాడు.

దీవెన కోసం నీ చెయ్యి నుదుటికి ఆనించుకుంటూ,
డోమెల్