అమ్మ మెడ ముట్టుకోకు, నాన్నా

నాన్నా,

అన్నానికొచ్చి ఇది చూడగానే ఇంటికి తాళమేసి పెద్దాసుపత్రికి రా, ఎముకల వార్డుకి. అమ్మను అంబులెన్సులో తీసుకెళ్తున్నాను. బీరువా పైనున్న కీళ్లవాతం ఫైలు, పాత ఎక్స్‌రేలు తీసుకురా. సెలూన్లో కత్తెర చేతిలో ఉంటే ఫోనెత్తవని తెలుసు, అయినా ఒళ్లు మండిపోయింది.

పొద్దున అమ్మ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. కాసేపటికి కాళ్లు కూడా తడబడ్డాయి. వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను. కీళ్లవాతం మెడ పైభాగంలో ఎముకల పట్టు వదులు చేసి ఉండొచ్చట. అవి పక్కకు జరిగితే వెన్నుపాము నలిగిపోతుందట. "ఆమె మెడ ఎవరైనా విరిచారా?" అని డాక్టరమ్మ అడిగితే, స్పీకర్లో వింటున్న అమ్మ, "అబ్బే, ఎవరూ విరవలేదమ్మా" అనేసింది. నొప్పి అన్నప్పుడల్లా కటింగయ్యాక కస్టమర్లకు మెడ టప్పున విరిచినట్టే నువ్వు విరిచేవాడివి కదా! నీ చేతికి చెడ్డపేరు రాకూడదట. నేను మాత్రం డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

నువ్వు వచ్చాక ఆమె పక్కన కూర్చో, కానీ కంగారులో మెడ కింద చెయ్యి పెట్టి లేపకు.

ఇంకోటి. నిన్ను ఒక్క మాట కూడా అననని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. అననులే. త్వరగా రా నాన్నా, నాకు భయంగా ఉంది.