వంకర కనుబొమ్మ

బాపూ,

నువ్వు పోయినంక మొదటిసారి ఇయ్యాల అవ్వ, నేను కొండగట్టుకు వచ్చినం. దుకాన్ల నిండ ప్లాస్టిక్ ఆంజనేయస్వాములు. అన్నిటికీ ఎడమ కనుబొమ్మ వంకర.

నిర్మల్‌ల మనింట్ల నువ్వు ఆఖరికి చెక్కిన ఆంజనేయుని కట్టెబొమ్మ యాదికొచ్చింది. చెయ్యి వణికి కనుబొమ్మ కాడ ఉలి జారింది. "నేను కళాకారుణ్ణి కాదు బిడ్డా, పనోణ్ణి. గిది చెడిపోయిన పని" అని అటకమీద పెట్టినవు. నువ్వు పోయినంక, నీ బొమ్మలు కొనే సేటు మిగిలిన బొమ్మలతోని దాన్నీ తీస్కపోయిండు. దానికే అచ్చు తీసి ఈ ప్లాస్టిక్‌వన్నీ పోసిన్రు.

"వంకర లేనిది ఇయ్యి" అని ఎవరో అడుగుతున్రు. "అన్నీ గంతేనమ్మా, అచ్చే గట్లున్నది" అన్నడు దుకాణపాయన.

అవ్వ ఒకటి చేతిల పట్టుకొని, గా వంకర మీద బొటనవేలు ఆనిచ్చి, నువ్వు చెక్కుతుంటే నీతోని అన్నట్టే మెల్లగ అన్నది.

"ఇగ సాలు తీ. చెయ్యి వణుకుతుంది. జర పండుకోరాదు."