ఖాళీ గడుల పక్కన నా పేరు

హెబ్బగోడి,
ఆదివారం

అక్కకు యామిని నమస్కారాలు. నువ్వు, బావ, అత్తయ్య అందరూ కులాసానా? పాపకు దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఫోన్‌లో అయితే సగం చెప్పి పెట్టేస్తాను, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఒకటే వానలు. సాంబారులో బెల్లం వేస్తారు, నోటికి ఇంకా అలవాటు కాలేదు. ఈ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. మా ఇంటి ఓనరమ్మ చూసి, "ఏమ్మా, కంచం పట్టుకొని ఆపక్క ఈపక్క తిరుగుతా ఉండావే? కూర్చోని తిను" అని కసిరింది. కూర్చున్నాను గానీ తినలేదు.

సంగతేమిటంటే, మా ట్రైనింగ్ అయిపోయింది. ఎవరు ఏ ప్రాజెక్టుకు వెళ్ళాలో పట్టిక తయారుచేసే పని మా లీడ్ కిరణ్ గారు నాకే ఇచ్చారు. పేర్లు ఒక వరుస, ప్రాజెక్టులు ఒక వరుస, మేనేజర్లు ఇంకో వరుస. మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి జతచేసే పద్ధతి ప్రోగ్రామింగ్‌లో 'జిప్' అని ఒకటుంది. నువ్వు పెళ్ళిళ్ళలో వడ్డిస్తావు కదా, మనిషికో విస్తరి, విస్తరికో లడ్డు, అంతే. ప్రోగ్రామ్ చక్కగా నడిచింది, ఎక్కడా తప్పు చూపలేదు. పట్టికలో నా పేరు మాత్రం లేదు.

బడి హాజరు నుంచీ ఆఖరు పేరు నాదే కదా. నన్ను తీసేశారనుకున్నాను. అడగాలంటే భయమేసింది. తర్వాత చదివితే తెలిసింది, ఏ వరుస పొట్టిదో అక్కడితో జిప్ ఆగిపోతుందట. మిగిలినవాళ్ళను చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. ప్రాజెక్టులూ మేనేజర్లూ మా పేర్లకన్నా ఒకటి తక్కువ! మీ బంతిలో అయితే విస్తరి లేక నిలబడ్డ మనిషి అందరి కంటా పడుతుంది. ఇక్కడ మనిషే మాయం. నాకు ఒళ్ళు మండింది అక్కా.

పొడుగు వరుస అయ్యేదాకా నడిచే పద్ధతి ఇంకొకటి ఉంది. దానికి మార్చాను. చివర్న నా పేరు వచ్చింది, పక్కన రెండు ఖాళీ గడులు.

కిరణ్ గారు చూసి, "ఈ లాస్ట్ రో డిలీట్ చేసెయ్ యామినీ. బ్లాంక్‌గా ఉంటే పైవాళ్ళు క్వశ్చన్స్ అడుగుతారు. నీ సంగతి తర్వాత చూద్దాంలే" అన్నారు.

"అడగనివ్వండి సార్" అన్నాను. ఆ మాటన్నది నేనేనా అని నాకే అనుమానం. పట్టిక అలాగే పంపేశాను. అప్పటినుంచి నిలకడ లేదు.

అమ్మకు ఇప్పుడే చెప్పకు. బావ ఇటు వస్తే చెనిక్కాయల పొడి పంపు. అత్తయ్యకు నమస్కారాలు, పాపకు ముద్దులు. నా కోసం ఒక్కసారి దేవుడికి దండం పెట్టుకో.

రేపు ఆ పైవాళ్ళు నన్ను పిలుస్తారట. ఉంచుతారో, ఇంటికి పొమ్మంటారో తెలియదు. పొమ్మన్నా సరే, నా పేరు చూసి పొమ్మనాలి.

నీ చెల్లెలు,
యామిని